ద్రవ్యోల్బణం 0.25 శాతమే అయితే మా ఇంటి ఖర్చు ఎందుకు తగ్గలేదు?

మీరు అడిగింది ఇదీ: 2025 అక్టోబరులో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతమే అన్నారు, హైదరాబాద్‌లో అద్దెకుంటున్న మా ఇంట్లో మాత్రం నెల ఖర్చు పెరుగుతూనే ఉంది, లెక్కలు ఎవరైనా దిద్దుతున్నారా? ఎవరూ దిద్దలేదు. ఆ 0.25 సరైన లెక్కే. కాకపోతే అది మీ ఇంటి లెక్క కాదు. నిజానికి ఏ ఒక్క ఇంటి లెక్కా కాదు. 2011-12లో దేశంలోని ఇళ్లన్నీ కలిసి దేనికెంత ఖర్చు పెట్టాయో చూసి, ఆ పాళ్లను అలాగే ఉంచి, వాటి మీద ఇప్పటి ధరలు వేసి తీసిన సంఖ్య అది.

ముందు ఆ పాళ్లు చూడండి. అప్పటి వినియోగదారుల ధరల సూచీలో (ద్రవ్యోల్బణం శాతం తీసేది దీని నుంచే) ఆహార పానీయాల భారం 45.86. అంటే వంద రూపాయల ఖర్చులో దాదాపు 46 రూపాయలు తిండికే. అందులో కూరగాయలు 6.04, పాలు పాల పదార్థాలు 6.61, తిండిగింజలు 9.67. ఇంటి అద్దె 10.07, వైద్యం 5.89, చదువు 4.46. ఇది పల్లె, పట్నం కలిపిన లెక్క. విడదీస్తే పల్లెల్లో తిండి 54.18, పట్నాల్లో 36.29. అద్దె పట్నాల్లో 21.67, పల్లెల్లో సున్నా. పల్లెల్లో అద్దెకుండేవాళ్లు లేరని కాదు, ఆ సూచీలో పల్లె అద్దెలను లెక్కలోకే తీసుకోలేదు. దాంతో కలిపిన సూచీలో అద్దె పట్నపు భారంలో సగం కూడా లేకుండా పోయింది.

ఇప్పుడు ఆ అక్టోబరు నెలకు వద్దాం, అసలు సంగతంతా అక్కడే ఉంది. కూరగాయల ధరలు అంతకుముందు ఏడాది అక్టోబరుతో పోలిస్తే 27.57 శాతం తగ్గాయి. భారం 6.04 కాబట్టి అదొక్కటే మొత్తం సంఖ్యను కనీసం 1.67 పాయింట్లు కిందికి లాగింది. నిజానికి ఇంకా ఎక్కువే లాగింది, ఎందుకంటే 2024 అక్టోబరు నాటికి కూరగాయల ధరలు మిగతా సరుకుల ధరల కంటే చాలా ఎక్కువ పెరిగి ఉన్నాయి. ఒక సరుకు ధర మిగతావాటి కంటే ఎక్కువ పెరిగితే, దాని భారం మారకపోయినా మొత్తం సంఖ్య మీద దాని ప్రభావం ఆ మేరకు పెరుగుతుంది. పప్పులు 16 శాతం తగ్గడం, సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు తగ్గడం దీనికి తోడయ్యాయి. మరి కూరగాయలు చౌక అయ్యాయా? లెక్క వేసి చూడండి. 2023 అక్టోబరులో మీ కూరగాయల సంచి 100 రూపాయలు అనుకుందాం. 2024 అక్టోబరులో ధరలు 42.18 శాతం పెరిగాయి, సంచి 142 రూపాయలైంది. 2025లో 27.57 శాతం తగ్గితే 103 రూపాయలు. అంటే రెండేళ్ల కిందటి ధరకే, ఇంకో మూడు రూపాయలు ఎక్కువగా, వెనక్కి వచ్చింది. పోయినేడాది మండిపోయిన ధర ఈ ఏడాది మామూలైతే సూచీకి అది పెద్ద తగ్గుదల, వంటింటికి మాత్రం మామూలు ధర. టీవీల్లో దీన్ని 'ధరలు నేలకు దిగాయి' అని చెబుతారు. శాతం ఏ ఏడాదితో పోల్చిందో ఒక్క ముక్క చెబితే సగం అనుమానాలు తీరిపోతాయి, ఆ ఒక్క ముక్కే చెప్పరు.

అదే నెలలో మిగతావి చూడండి: అద్దె 2.96 శాతం, చదువు 3.49, వైద్యం 3.86 పెరిగాయి. నూనెలు 11 శాతం పైనే. బంగారం ధర ఏడాదిలో 50 శాతానికి పైగా పెరిగింది. బంగారం కూడా ఈ సూచీలో ఉంది, భారం 1.08. ఆ ఒక్కదాన్నీ తీసేస్తే అక్టోబరు సంఖ్య సున్నా కంటే కిందికి పోయేది. తులం బంగారం కొనని ఇంటికీ, పెళ్లి పెట్టుకున్న ఇంటికీ ఒకే సంఖ్య చెప్పడంలోని ఇబ్బంది ఇదే.

కేరళ మరీ మంచి ఉదాహరణ. దేశం 0.25 శాతం దగ్గర ఉన్న ఆ నెలలోనే కేరళలో 8.56 శాతం. అక్కడి ఇళ్లలో కొబ్బరినూనె వాడకం ఎక్కువ, బంగారం కొనడం ఎక్కువ, ఆ రెండూ ఆ ఏడాది విపరీతంగా పెరిగాయి. రాష్ట్రాల సూచీలకు భారాలు ఆయా రాష్ట్రాల ఖర్చు నుంచే తీస్తారు కాబట్టి ఆ దెబ్బ కనిపించింది. పల్లీ నూనె, సన్‌ఫ్లవర్ నూనె వాడే మన ఇళ్లకు కొబ్బరినూనె పెరిగితే ఏమీ తేడా పడదు, కందిపప్పు పెరిగితే పడుతుంది.

ఇక్కడ ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ భారాలు మనుషుల సగటు కాదు, రూపాయల సగటు. నెలకు 60 వేలు ఖర్చు పెట్టే ఇల్లు, 15 వేలు ఖర్చు పెట్టే ఇంటి కంటే నాలుగు రెట్లు ఎక్కువగా సూచీని నిర్ణయిస్తుంది. ఇంటికొక ఓటు కాదు, రూపాయికొక ఓటు. అందుకే ఇది అటు కూలి ఇంటికీ సరిపోదు, ఇటు ఫీజులు, అద్దెలు మోసే మధ్యతరగతి ఇంటికీ సరిపోదు. కూలీలకు, కార్మికులకు వేరే సూచీలు ఉన్నది ఇందుకే. కేంద్ర ఉద్యోగుల డీఏ (కరువు భత్యం) లెక్క కట్టేది పారిశ్రామిక కార్మికుల సూచీ మీద, టీవీలో చెప్పే ఈ సంఖ్య మీద కాదు. 'ద్రవ్యోల్బణం పావు శాతమైతే డీఏ ఎందుకు పెంచారు' అని వాదించేవాళ్లు రెండు వేర్వేరు సూచీలను కలిపేస్తున్నారు.

మీ ఇంటి లెక్క మీరే వేసుకోవచ్చు, ఒక ఆదివారం చాలు. కిందటి ఏడాది పన్నెండు నెలల ఖర్చు తీయండి. ఒక్క నెల తీస్తే జూన్‌లో ఫీజులు, దసరాకు బట్టలు లెక్కను పాడుచేస్తాయి. ఏడాదికి ఒకసారి కట్టేవాటిని పన్నెండుతో భాగించండి. ఉదాహరణకు నెలకు 50,000 ఖర్చు పెట్టే అద్దె ఇల్లు అనుకుందాం: అద్దె 15,000, స్కూలు ఫీజులు 8,000, కిరాణా పాలు 11,000, కూరగాయలు 2,000, పెట్రోలు బస్సులు 4,500, వైద్యం 2,500, కరెంటు గ్యాసు 2,500, బట్టలు, ఫోను, మిగతావి 4,500. భారాలు వరసగా 30, 16, 22, 4, 9, 5, 5, 9. ఇక ధరల పెరుగుదల వేయండి. అద్దె ఒప్పందంలో 7 శాతం, ఫీజు 10 శాతం, కిరాణా 3, కూరగాయలు 27 శాతం తగ్గుదల, పెట్రోలు సున్నా, వైద్యం 4, కరెంటు గ్యాసు 2, మిగతావి 3 అనుకోండి. ఒక్కోదాన్ని దాని భారంతో గుణించి వందతో భాగించి కూడితే 3.85 శాతం వస్తుంది. దేశానికి 0.25, ఈ ఇంటికి 3.85. అందులో అద్దె, ఫీజులవే 3.7. కూరగాయలు తగ్గి మిగిల్చింది 1.08 మాత్రమే. మీ బాధ ఎక్కడుందో ఈ ఒక్క వరసలో తెలిసిపోతుంది.

తప్పులు దొర్లే చోట్లు ఇవీ. భారాలు పాత ఏడాది ఖర్చు నుంచి తీయాలి, కొత్త ఏడాదివి కాదు. రెండేళ్ల బిల్లుల మొత్తాలను పోల్చకూడదు. పాలు అర లీటరు నుంచి లీటరుకు పెంచితే బిల్లు రెట్టింపవుతుంది, అది వాడకం పెరగడం, ధర పెరగడం కాదు. అదే సరుకు, అదే బ్రాండు, అదే తూకం పట్టుకుని కిలోకో లీటరుకో ధర తీయండి. బిస్కెట్ ప్యాకెట్ పది రూపాయలే ఉండి 100 గ్రాముల నుంచి 85 గ్రాములకు తగ్గితే ధర 17.6 శాతం పెరిగినట్టు లెక్క. ఇంట్లో చాలామంది దీన్ని పట్టుకోరు, సూచీ లెక్క కట్టేవాళ్లు తూకం చూసి సరిచేస్తారు. కరెంటు బిల్లుదీ ఇదే తంటా: వేసవిలో యూనిట్లు పెరిగి పై స్లాబులో పడితే బిల్లు ఎగురుతుంది, రేటు మాత్రం మారి ఉండకపోవచ్చు. రెండేళ్ల రేట్లతోనూ ఒకే యూనిట్లకు బిల్లు వేసి పోల్చాలి. పండగ నెలను పండగ నెలతోనే పోల్చండి. అన్నిటికంటే పెద్ద తప్పు, పది సరుకుల శాతాలు కూడి పదితో భాగించడం. అలా చేస్తే అగ్గిపెట్టెకూ అద్దెకూ సమాన భారం ఇచ్చినట్టు.

ఏవి రాయకూడదో కూడా తెలిసుండాలి. ఇంటి లోను ఈఎంఐ ఈ సూచీలో ఉండదు, ఇల్లు కొనడం పెట్టుబడి కింద లెక్క. చీటీ, భూమి, ఆదాయపు పన్ను కూడా రావు. మీకు సొంతిల్లు ఉంటే ఆ చుట్టుపక్కల అద్దెలు పెరిగినదాన్ని బట్టే మీ ఇంటి భారం కదులుతుంది, ఈఎంఐని బట్టి కాదు. జీతంలో సగం ఈఎంఐకి పోయేవాళ్లు సూచీని తిట్టుకోవడానికి కారణం ఇదే. అయితే ఆ ఈఎంఐ పెరగడం, తగ్గడం మీద ఈ సూచీ ప్రభావం చాలానే ఉంటుంది. 2016 నుంచి రిజర్వు బ్యాంకుకు ఇచ్చిన లక్ష్యం ఈ ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం లోపల ఉంచడం. ఆ అక్టోబరు సంఖ్య తర్వాత డిసెంబరులో రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) 5.25 శాతానికి దిగింది. భారాలు పాతబడితే దాని ఫలితం మీ లోను మీద పడుతుంది.

భారాలు ఎందుకంత పాతబడ్డాయంటే, 2017-18లో భారాలకు ఆధారమైన కుటుంబాల వినియోగ వ్యయ సర్వే చేశారు గానీ, నాణ్యత సరిగా లేదంటూ 2019 నవంబరులో ప్రభుత్వం దాన్ని విడుదల చేయకూడదని నిర్ణయించింది. నా దృష్టిలో అది పెద్ద నష్టం. లోపాలుంటే లోపాలతోనే బయట పెట్టి చర్చకు వదలాల్సింది. ఫలితంగా వీసీడీ ప్లేయర్లు, క్యాసెట్లు, గుర్రబ్బండి కిరాయి ఉన్న సంచినే 2025 దాకా మోశాం. మొబైల్ డేటా, ఓటీటీ, కోచింగ్ ఫీజుల కాలంలో అది ఎలా సరిపోతుంది? తర్వాత వచ్చిన 2022-23 సర్వేలో పల్లె ఖర్చులో తిండి వాటా 46.38 శాతానికి, పట్నంలో 39.17కు దిగింది. 2011-12 సర్వేలో అవి 52.9, 42.62. ఇవి సర్వే వాటాలు, లెక్క కట్టే పద్ధతి వేరు కాబట్టి పైన చెప్పిన సూచీ భారాలతో సరిగ్గా కలవవు.

ఆ సర్వే ఎలా చేస్తారో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మన తప్పూ ఉంది. కూరగాయలు, గుడ్ల లాంటివి గడిచిన 7 రోజులవి అడుగుతారు. చాలా ఖర్చులు 30 రోజులవి. బట్టలు, చదువు, ఆస్పత్రిలో చేరిన ఖర్చు, ఫ్రిజ్జుల లాంటివి 365 రోజులవి. కొత్త పద్ధతిలో ఒకే ఇంటికి మూడుసార్లు వస్తారు. ప్రశ్నలు చాలా ఎక్కువ, ఓపిక కావాలి. అపార్టుమెంట్లలో, గేటెడ్ కమ్యూనిటీల్లో గేటు దగ్గరే వాళ్లను ఆపేస్తారు, లోపలికి వెళ్లినా 'ఇప్పుడు కాదు' అంటారు. ఫీజులు, అద్దెలు ఎక్కువ మోసే ఇళ్లే జవాబు చెప్పకపోతే ఫీజులకూ అద్దెలకూ భారం తగ్గక ఏమవుతుంది? గుర్తింపు కార్డు చూపించిన సర్వే మనిషిని కూర్చోబెట్టి జవాబులు చెప్పండి, సూచీ మీ ఇంటికి దగ్గరయ్యే దారి అదొక్కటే.

ఉచిత రేషన్‌ది ఇంకో చిక్కు. 2023 జనవరి నుంచి రేషన్ బియ్యం పూర్తిగా ఉచితమయ్యాక ధర సున్నా అయింది. సున్నా ధర మీద శాతం కట్టలేం. అందుకని ఆ సరుకుల భారాన్ని మిగతావాటికి పంచారు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు. దుకాణంలో బియ్యం కొనడం మానేసిన ఇంటికి బియ్యం ధర పెరిగినా తగ్గినా ఒకటే. సూచీలో మాత్రం బియ్యానికి బరువు ఉండనే ఉంది.

2026 ఫిబ్రవరి 12న కొత్త సూచీ వచ్చింది. ఆధార సంవత్సరం 2024, భారాలు 2023-24 సర్వే నుంచి. సరుకులు, సేవలు కలిపి 299 నుంచి 358కి పెరిగాయి, పల్లె అద్దెలు చేరాయి, ఆహార పానీయాల భారం 36.75కు దిగింది. ఈ దిగుదలంతా జనం తిండి మీద ఖర్చు తగ్గించడం వల్లే కాదు. హోటలు భోజనాలను వేరే విభాగంలోకి మార్చడం వల్ల కూడా కొంత తగ్గింది. కాబట్టి పాత ఆహార విభాగాన్ని కొత్తదానితో నేరుగా పోల్చకండి. ఇంధనం కూడా ఇప్పుడు ఇల్లు, నీళ్లు, కరెంటుతో కలిసి ఒకే విభాగంలో ఉంది.

ఇకపై టమాటా మండినప్పుడు మొత్తం సంఖ్య మునుపటంత ఎగరదు. 2023 జూలైలో టమాటా ధర మూడు రెట్లయింది, దాని భారం 0.57 మాత్రమే అయినా ఒక పాయింటుకు పైగా తోడై మొత్తం ద్రవ్యోల్బణాన్ని 7.44కు చేర్చింది. వచ్చే ఏడాది అలాంటిది జరిగితే 'మార్కెట్లో మంటలు, లెక్కల్లో ఏమీ లేదు' అనే ప్రశ్న మళ్లీ ఇక్కడికే వస్తుంది. అప్పుడు దేశం మొత్తం సంఖ్యను వదిలేసి, ప్రతి నెలా 12వ తేదీన గణాంక మంత్రిత్వ శాఖ ఇచ్చే పట్టికలో మీ రాష్ట్రం వరస, అందులో పట్నం గడి చూడండి. తర్వాత అద్దె, చదువు, వైద్యం వరసలు తీసి వాటిని మీ భారాలతో గుణించండి.