పాప క్లారినెట్ సాధనను పక్కింటాయన ఆపించగలడా?

ప్రశ్న: మా పాపకు 9 ఏళ్లు. రెండు నెలల నుంచి క్లారినెట్ నేర్చుకుంటోంది. రోజూ సాయంత్రం 30 నిమిషాలు ఇంట్లో సాధన చేస్తుంది, సెలవు రోజు పొద్దున్నే ఇంకాసేపు. పక్క ఫ్లాట్ ఆయనకు నైట్ డ్యూటీ. పాప ఊదడం మొదలుపెట్టగానే గోడ దబదబా బాదుతున్నాడు, ఈ గోల ఆపకపోతే కేసు పెడతానని మెసేజ్ కూడా పెట్టాడు. మేం అద్దెకుంటున్నాం. సాధన మాన్పించాలా? లేక మేమే ఆయన మీద కేసు పెట్టవచ్చా?

జవాబు: మాన్పించక్కర్లేదు. కేసుకు తొందరపడకండి కూడా.

మీరు ఏ దేశంలో ఉంటున్నారో రాయలేదు. రాత్రి ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా నిశ్శబ్దం పాటించాలన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అది మీరు మీ దగ్గర కనుక్కోవాల్సిందే. నేను చెప్పేది ఇంగ్లిష్ కామన్ లా (పాత తీర్పుల ఆధారంగా సాగే న్యాయ పద్ధతి) నడిచే దేశాల్లో ఇలాంటి ఇరుగుపొరుగు గొడవలను కోర్టులు తూచే పద్ధతి. పొరుగువారి ఇంటి ప్రశాంతతకు మితిమీరి అడ్డుపడటాన్ని అక్కడ న్యూసెన్స్ అంటారు. అయితే పక్కింట్లో చప్పుడు వినబడినంత మాత్రాన న్యూసెన్స్ అయిపోదు, ఒకే గోడకు అటూ ఇటూ బతికేవాళ్లు పిల్లల ఏడుపు, కుర్చీలు ఈడ్చిన చప్పుడు లాంటివి కొంత ఓర్చుకోవాలి. ఏ వేళప్పుడు, ఎంతసేపు, ఎన్నాళ్లుగా, ఏ ఉద్దేశంతో అన్నవే కోర్టు ప్రధానంగా చూస్తుంది. వినసొంపుగా ఉందా అన్నది పెద్దగా లెక్కలోకి రాదు. కొత్తగా క్లారినెట్ పట్టిన పిల్లకు వేలు రంధ్రం మీద ఒక్క పిసరు పక్కకు జరిగినా చాలు, కీచుమని అరుస్తుంది. చెవులకు కష్టమే, ఒప్పుకుంటాను (మావాడు నేర్చుకున్న మొదటి ఏడాది నేను ఫైళ్లన్నీ బాల్కనీలోనే చదివాను), కానీ సరిగ్గా వాయించడం రాకపోవడం నేరం కాదు.

అచ్చం మీలాంటి కేసే ఒకటుంది, 1893లో ఇంగ్లండ్‌లో తీర్పు వచ్చింది, క్రిస్టీ వర్సెస్ డేవీ. క్రిస్టీ ఇంట్లో ఇల్లాలు సంగీతం టీచరు, వారానికి 17 గంటల పాఠాలు, అవి కాక కొడుకు చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయించడం కొన్నిసార్లు రాత్రి 11 దాకా. గోడకు అవతల డేవీ. మొదట మీ కుక్క ఊళ పెడుతోందనుకుని ఓర్చుకున్నాను, తీరా చూస్తే ఎవరో పియానోతో పాడటానికి నానా తంటాలు పడుతున్నారని తెలిసింది, అంటూ ఆయన వెటకారంగా ఉత్తరం రాశాడు. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. పాఠం మొదలైనప్పుడల్లా గోడ బాదడం, ట్రేలు మోగించడం, ఈలలు, కేకలు మొదలుపెట్టాడు. కోర్టు పాఠాలను తప్పుపట్టలేదు, కేవలం పక్కవాళ్లను వేధించడానికే చప్పుడు చేస్తున్నాడని డేవీ మీదే ఇంజంక్షన్ (ఆ పని ఆపమనే ఆదేశం) ఇచ్చింది. అంటే ఆయన గోడ బాదుడు మీ చేతికి దొరికిన సాక్ష్యం. అలాగని కోపంతో మీరు పాపను గోడ దగ్గర నిలబెట్టి గట్టిగా ఊదించారో, ఉద్దేశం చెడ్డది అయ్యేది మీదే. పాతకాలం తీర్పు చూసుకుని 11 దాకా ఊదించకండి కూడా.

ఇక నైట్ డ్యూటీ. ఒకరికున్న ప్రత్యేక ఇబ్బందిని కొలబద్దగా పెట్టుకుని న్యూసెన్స్ తేల్చరని 1889 నాటి రాబిన్సన్ కేసు నుంచీ ఉన్న మాట. అక్కడ గొడవ కింది గది వేడికి పై గదిలోని కాగితం పాడవడం గురించి, మామూలు సరుకైతే పాడయ్యేది కాదని దావా కొట్టేశారు. కాబట్టి పగటి నిద్ర ఒక్కటే చూపించి సాధన మొత్తం ఆపించడం ఆయనకు కష్టం. అయినా ఆయన నిద్ర నిజం, ఎన్నింటికి లేస్తారో అడగడానికి మీకు ఖర్చేమీ లేదు.

నాకు అసలు టెన్షన్ మీ అద్దె అగ్రిమెంట్ గురించి. పొరుగువారికి ఇబ్బంది కలిగించరాదనో, ఫలానా వేళల్లో వాయిద్యాలు వాయించరాదనో అందులో ఉంటే న్యూసెన్స్ రుజువు కాకపోయినా ఇంటి ఓనరు షరతు తప్పారనవచ్చు. ముందు అది తీసి చదవండి, ఇవాళే.

తర్వాత సాధన. 30 నిమిషాలు ఒక్క బిగిని వద్దు. రెండు నెలలుగా నేర్చుకుంటున్న పిల్లకు పది నిమిషాలకే పెదాలు అలిసిపోతాయి, ఆపైన వచ్చేవి ఎక్కువగా కీచులే. 10-12 నిమిషాల చొప్పున రెండుసార్లు చేయించండి, సెలవు రోజు పొద్దున్నే మానేయండి. ఉమ్మడి గోడకు దూరంగా, బట్టల బీరువా, పరుపు ఉన్న గదిలో అయితే చప్పుడు కొంత ఇంకుతుంది. ట్రంపెట్‌కు పెట్టినట్టు మ్యూట్ (చప్పుడు తగ్గించడానికి చివర పెట్టే అడ్డు) పెడదామంటే కుదరదు, క్లారినెట్‌లో శబ్దం చివరి నుంచే కాదు, తెరిచి ఉన్న రంధ్రాల్లోంచీ వస్తుంది. నోట్‌బుక్‌లో తేదీ, మొదలెట్టిన టైము, ఆపిన టైము రాయండి. టీచరుకు చూపించడానికీ పనికొస్తుంది, రేపు ఎవరైనా రోజంతా గోల అంటే చూపించడానికీ పనికొస్తుంది.

ఆయనకు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా ఇలా పంపండి: "పాప సాధన ఇకమీదట సాయంత్రం ఇన్నింటి నుంచి ఇన్నింటిలోపు, రెండుసార్లు, మీ గోడకు దూరంగా ఉన్న గదిలో. మీ నిద్ర వేళలు చెబితే దాన్నిబట్టి మారుస్తాం. గోడ బాదితే పాప భయపడుతోంది, దయచేసి మానండి." వాదన వద్దు, కేసుల ప్రస్తావన అసలే వద్దు. ఇది అందాక కూడా బాదితే తేదీలు, టైములు రాసుకుని, వీలైతే రికార్డు చేసి, అప్పుడు దగ్గర్లోని లాయరుతో నోటీసు ఇప్పించండి.