వేల ట్యాగ్‌లు మార్క్ చేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

వేల మెటల్ ట్యాగ్‌ల ఆర్డర్ వచ్చింది, ఏ మిషన్ కొనమంటావని అడిగావు. మిషన్ సంగతి తర్వాత చూద్దాం. ఆ ట్యాగ్ ఎక్కడ వేలాడుతుందో ముందు కనుక్కో. ఎండావానల్లోనా, నూనె జిడ్డులోనా? దాని మీద ఎప్పటికైనా పెయింట్ వేస్తారా? వేసేటట్టయితే లోతుగా దిగిన అక్షరమే పనికొస్తుంది. పైపైన నల్లగా పడిన మార్కు పెయింట్ కింద మాయమైపోతుంది.

కొద్దిపాటి ట్యాగ్‌లైతే అక్షరాల పంచ్‌లు, సుత్తి చాలు. కింద గట్టి ఇనుప దిమ్మ ఉండాలి, పంచ్ నిటారుగా నిలబడాలి, దెబ్బ ఒక్కటే పడాలి. రెండో దెబ్బకి పంచ్ వెంట్రుకవాసి కదిలినా అంకె పక్కన నీడలా ఇంకో గీత పడుతుంది, 3 కాస్తా 8లా కనిపిస్తుంది. అల్యూమినియం, ఇత్తడి చెప్పినట్టు వింటాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ మాత్రం దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడుతుంది, మామూలు పంచ్‌ల అంచులు అరిగిపోతాయి. వేలల్లో పని అంటే సుత్తి మాటే వద్దు. చెయ్యి అలిసేకొద్దీ లోతు తగ్గిపోతుంది.

నన్నడిగితే మోటు పనికి డాట్ పీన్ మిషన్ మేలు. దాని గట్టి కార్బైడ్ మొన చుక్కలు చుక్కలుగా పొడుస్తూ నంబర్ వేస్తుంది, సీరియల్ దానంతటదే మారుతుంది. చప్పుడు మాత్రం భరించాలి. చిన్న అక్షరాలు, క్యూఆర్ కోడ్ కావాలంటే ఫైబర్ లేజర్‌కి వెళ్లు. దాని తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, లోహం దాన్ని బాగా పట్టుకుంటుంది. తక్కువ ధరకి వస్తుందని సీఓ2 లేజర్ తెచ్చుకోకు. అది ఆనోడైజ్ చేసిన, అంటే కరెంటుతో పైన గట్టి పొర కట్టించిన, అల్యూమినియం మీద రంగును లేపగలదు గానీ, వట్టి లోహం మీద ప్రత్యేకమైన పూత పూస్తే తప్ప మార్కు పడదు. స్టెయిన్‌లెస్ మీద లేజర్ వేడితో నల్లగా తెప్పిస్తే చూడటానికి బాగుంటుంది, కానీ వేడి మితిమీరితే సరిగ్గా ఆ గీతల్లోనే తుప్పు మొదలవుతుంది. ఒక ట్యాగ్‌ని కొన్నాళ్లు ఉప్పునీళ్లలో పడేసి చూడు. లేజర్ దగ్గర ఆ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్లద్దాలు, పొగ లాగే ఫ్యాన్ లేకుండా ఎవర్నీ కూర్చోబెట్టకు.

అన్ని ట్యాగ్‌ల మీదా ఒకే లోగో అయితే స్టెన్సిల్‌తో ఎచ్చింగ్, అంటే రసాయనంతో లోహాన్ని తినిపించి గుర్తు వేయడం, చవక. నంబర్లు మారే పనికి అది కుదరదు.

ఇంత చెప్పినా, ఆర్డర్లు చెడేది ఎక్కువగా నంబర్ల దగ్గరే. ఎక్సెల్ షీట్‌లో 0047 అని కొడితే అది 47 అయి కూర్చుంటుంది. ఒక్కటీ కొట్టకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చు. 0 పక్కన ఓ, 1 పక్కన ఐ అనే ఇంగ్లీషు అక్షరాలు రానివ్వకు, చీకట్లో టార్చి పట్టుకుని చదివేవాడికి తేడా తెలియదు. పాడైన ట్యాగ్‌ని అప్పటికప్పుడే రెండు ముక్కలుగా కత్తిరించి, రిజిస్టర్‌లో రాసి, అదే నంబర్‌తో ఇంకోటి తీయి. లేకపోతే ఒకే నంబర్ ఇద్దరి చేతుల్లోకి పోతుంది. ట్యాగ్ కదలకుండా పట్టి ఉంచే చట్రం, అదే జిగ్, చేయించు, రంధ్రం ఎప్పుడూ ఒకే వైపు ఉండేలా దాన్లో పిన్ను పెట్టించు. క్యూఆర్ ఉంటే మెరిసే రేకు వద్దు, మ్యాట్ ఫినిష్ తీసుకో. స్క్రీన్ మీద కాదు, ట్యాగ్ మీదే స్కాన్ చేసి చూడు.

ముందు మూడు నమూనాలు తీసి పార్టీకి చూపించు. వాళ్లు నంబర్ చదివి, సరేనని సంతకం పెట్టేదాకా మిగతా రేకు కోయించకు.

ఇట్లు,
మామయ్య