ఇంట్లో సొంత పని చేసుకునేవాళ్ళు ఖాళీ రోజుల్లో ఏ పని పెట్టుకోవాలి? నా 14 ఏళ్ళ అనుభవం

మీరు గుంటూరులో ఇంటి నుంచే చిన్న దుకాణాలకు లెక్కలు రాస్తూ, జీఎస్టీ రిటర్నులు వేస్తున్నానన్నారు. నెలలో 20వ తేదీ దాకా ఊపిరి సలపదు, ఆ తరువాత పది రోజులు పని ఉండదు. ఆ రోజుల్లో చేసుకోదగ్గ పని ఏదైనా ఉందా, కాస్త డబ్బు వచ్చినా చాలు అని అడిగారు. చివర్లో, రోజంతా నాలుగు గోడల మధ్య ఒక్కదాన్నే ఉండటం బరువుగా ఉంది అని కూడా రాశారు. ఆ మాట చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. అందరూ మీ మొదటి ప్రశ్నకే సమాధానం చెబుతున్నారు. నాకు మాత్రం రెండోదే అసలు ప్రశ్న అనిపించింది.

నేను విజయవాడలో 14 ఏళ్ళుగా ఇంట్లోనే డీటీపీ చేస్తున్నాను. పుస్తకాలు కంపోజ్ చేస్తాను, ప్రూఫులు దిద్దుతాను, పెళ్ళిపత్రికలు వేస్తాను. మా పనికీ మీ పనిలాగే పోటు, ఆటు ఉన్నాయి. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరి మొదటి వారంలో మా ఊరి పుస్తక మహోత్సవం. తమ పుస్తకం వాటికి అందాలని రచయితలందరూ కోరుకుంటారు. అందుకని అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా నాకు పండుగలు కూడా గుర్తుండవు. ఆషాఢం వచ్చిందంటే పెళ్ళిపత్రికలు లేవు. మూఢం పడితే మళ్ళీ లేవు. అటువంటి నెలల్లో కంప్యూటర్ ముందు ఊరికే కూర్చుని, ఎవరైనా ఫోను చేస్తారేమోనని ఎదురుచూసేదాన్ని. పని లేని రోజు విశ్రాంతిలా ఉండదు. అది మీకూ తెలిసే ఉంటుంది.

మొదట నేను చేసిన తప్పు చెబుతాను. ఇంట్లోనే టైపింగు, వారం వారం చెల్లింపు అన్న ప్రకటన చూసి 2,500 రూపాయలు రిజిస్ట్రేషన్ రుసుము కట్టాను. వాళ్ళు పంపిన మసకబారిన పేజీలను ఐదు రోజులు కూర్చుని కొట్టి పంపాను. తప్పులు ఎక్కువ ఉన్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు, నష్టపరిహారం కట్టకపోతే కోర్టు నోటీసు వస్తుంది అని ఫోను చేశారు. నేను రోజూ ప్రూఫులు దిద్దే మనిషిని. నా పని ఏ పాటిదో నాకు తెలుసు కాబట్టి ధైర్యం చేసి డబ్బు కట్టలేదు. వాళ్ళు నాలుగు సార్లు ఫోను చేసి ఊరుకున్నారు. మీకు ఇటువంటి ప్రకటనలు చాలా కనబడతాయి. వీడియోలకు లైకులు కొడితే డబ్బు ఇస్తామనేవి ఇంకో రకం. పని ఇచ్చేవాళ్ళు మన దగ్గర ముందు డబ్బు అడిగితే అది పని కాదు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. తొందరగా చెబితే ఆ డబ్బును మధ్యలో నిలిపే అవకాశం ఉంటుంది.

తరువాత పొడులు మొదలుపెట్టాను. మీకూ ఇద్దరు ముగ్గురు అదే సలహా ఇచ్చారు. మా అత్తగారి చేతి కందిపొడికి మా వీధిలో మంచి పేరు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అంటే ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు కూడా చేయించాను. నేను చేయించినప్పుడు ఏడాదికి 100 రూపాయలే. వేసవిలో బాగానే సాగింది. చిక్కు సంక్రాంతికి వచ్చింది. అరిసెలు కావాలి, జంతికలు కావాలి అని అడిగేవాళ్ళు సరిగ్గా నా పుస్తకాల గడువు రోజుల్లోనే వచ్చారు. ఒక రాత్రి పాకం పట్టి, చేతులు కడుక్కుని, మళ్ళీ పేజీలు దిద్దుతూ కూర్చున్నాను. ఆ పుస్తకంలో రెండు అధ్యాయాల శీర్షికలు తారుమారై అచ్చయిపోయాయి. ఆ రచయిత నన్ను ఒక్క మాట అనలేదు. దానితో నాకు మరింత బాధ కలిగింది. ఆ నెలాఖరుకు పొడుల పని ఆపేశాను.

అప్పటి నుంచి ఏ పనైనా ఒప్పుకునే ముందు ఒక ప్రశ్న వేసుకుంటున్నాను. దీన్ని నేను 15 రోజులు పక్కన పెడితే ఎవరికి ఇబ్బంది? సంపాదన ఎంత అన్నది ఆ తరువాతే చూస్తాను.

ఈ ప్రశ్నతో మీ నెలను ఒకసారి చూడండి. 11న అమ్మకాల వివరాలు చూపే రిటర్ను జీఎస్టీఆర్-1, 20న పన్ను కట్టే రిటర్ను 3బి. ఈ రెండు తేదీలూ కదలవు. మా తోటికోడలు పోస్టాఫీసు ఆర్డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు ఖాతాల ఏజెంటు. మహిళలకే ఇచ్చే ఏజెన్సీ అది, వసూలుపై 4 శాతం కమిషన్. ఇల్లిల్లూ తిరిగే పని కాబట్టి నలుగురితో మాటలు కలుస్తాయి, మీకు కావలసింది అదే కదా అనిపించవచ్చు. కానీ నెలలో 15వ తేదీలోపు తెరిచిన ఖాతాలకు ప్రతి నెలా 15లోపే కట్టాలి. మీకు గుక్క తిప్పుకునే తీరిక లేని రోజులు అవే. 16 నుంచి తెరిచిన ఖాతాలకైతే నెలాఖరు దాకా గడువు ఉంటుంది. అటువంటి ఖాతాలు మాత్రమే తీసుకుంటే కుదురుతుందేమో గాని, వచ్చినవాళ్ళను తేదీ చూసి వెనక్కి పంపడం కష్టం.

డబ్బు కోసమైతే మీకు అపార్ట్‌మెంట్ సంఘాల లెక్కలు నప్పుతాయి. నిర్వహణ రుసుము నెల మొదట్లో వసూలవుతుంది, జమాఖర్చుల పట్టిక నెలాఖరుకు కావాలి. మీ ఖాళీ రోజుల్లోకి చక్కగా ఇమిడే పని. రెండు మూడు సంఘాలతో మొదలుపెట్టవచ్చు. అయితే అదీ అంకెలే, అదే కుర్చీ. అందుకే దానితో ఆగిపోవద్దని నా మనవి.

నాకు డబ్బు తెచ్చే పక్క పని తెలుగు పాఠాలు. డల్లాస్ దగ్గర ఉంటున్న మా పిన్ని కూతురు తన ఇద్దరు పిల్లలకు అక్షరాలు నేర్పమంది. ఇప్పుడు ఐదుగురు పిల్లలున్నారు. పాఠానికి 400 రూపాయలు తీసుకుంటాను. వాళ్ళకు శనివారం సాయంత్రం ఏడు గంటలైతే మనకు ఆదివారం ఉదయం ఆరున్నర. మార్చి రెండో ఆదివారం నాడు వాళ్ళ గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి, అప్పుడు అదే పాఠం మనకు ఐదున్నరకు వస్తుంది. నవంబరులో మళ్ళీ ఆరున్నరకు మారుతుంది. మొదటి ఏడు ఇది తెలియక, పిల్లలు తెర ముందు కూర్చుని ఎదురుచూస్తుంటే నేను ఇంకా పాలు కాస్తూ ఉన్నాను. ఆదివారం ఉదయం ఆ వేళకు నాకు ఏ రచయితా ఫోను చేయడు కాబట్టి డిసెంబరులో కూడా ఈ పని ఆగదు. ఆ పిల్లల్లో ఒక అమ్మాయికి ‘ళ’ పలికేది కాదు. పళ్ళు అనమంటే పల్లు అనేది. నాలుక కొసను వెనక్కి మడిచి అంగిలికి తాకించమని నోరు తెరిచి చూపించాను. మూడో వారం ‘కళ్ళు, ముళ్ళు, నీళ్ళు’ అని వరసగా అనేసి, కెమెరాకు దగ్గరగా వచ్చి నోరు తెరిచి తన నాలుక ఎక్కడుందో నాకు చూపించింది. ఆ రోజంతా నాకు వంట చేస్తున్నా, పూజ చేస్తున్నా ఆ మూడు మాటలే వినిపించాయి.

డబ్బు రాని పనులు రెండు ఉన్నాయి. ఒకటి తెలుగు వికీసోర్సు అన్న వెబ్‌సైటులో పని. రచయిత మరణించి 60 ఏళ్ళు దాటి, కాపీహక్కు తీరిపోయిన పాత పుస్తకాలను అక్కడ అక్షరరూపంలోకి తెస్తారు. తెర మీద ఒకవైపు పాత పేజీ బొమ్మ, మరోవైపు యంత్రం చదివిన పాఠం ఉంటాయి. యంత్రం ‘ధ’ను ‘ద’ అని చదువుతుంది, అరసున్నను వదిలేస్తుంది, బండి ‘ఱ’ దగ్గర తికమకపడుతుంది. మనం వాటిని దిద్దాలి. దిద్దని పేజీ ఎరుపు రంగులో ఉంటుంది, ఒకరు దిద్దితే పసుపు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. దిద్దినవాళ్ళే సరిచూడటానికి వీలు లేదు, రెండో మనిషి కావలసిందే. ఒక పేజీకి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. నెల రోజులు ఆపినా ఎవరూ ఏమీ అనుకోరు, ఆ పేజీ అలాగే ఉంటుంది. నేను పసుపు చేసి వదిలిన పేజీలు కొన్నాళ్ళకు వెళ్ళి చూస్తే ఆకుపచ్చగా మారి ఉండేవి. ఏ ఊరిలోనో కూర్చుని ఎవరో నా తరువాత అదే పేజీని అక్షరం అక్షరం చదివారన్నమాట. ఒంటరితనానికి అది కూడా కొంత మందే.

రెండోది, చూపులేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టడం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నన్ను ఇంట్లోంచి బయటికి లాగింది ఇదే. నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగింది. రాసేవాళ్ళ చదువు పరీక్ష రాసే విద్యార్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్న నియమం చాలా చోట్ల ఉంది. డిగ్రీ విద్యార్థులకు రాయడానికి నా చదువు సరిగ్గా సరిపోయింది. మా ఇంటికి దగ్గర్లోని కాలేజీకి వెళ్ళి అడిగాను, రెండు నెలల తరువాత పిలిచారు.

మొదటిసారి చరిత్ర పరీక్ష. ఆ అబ్బాయి బల్ల అంచు మీద వేళ్ళు ఆనించి, నేను ప్రశ్న రెండుసార్లు చదివాక, కాసేపు ఆగి, వాక్యం వాక్యంగా చెప్పడం మొదలుపెట్టాడు. ‘ఇక్కడ పేరా మార్చండి’, ‘దీని కింద గీత గీయండి’ అని మధ్య మధ్యలో చెప్పేవాడు. ఒకచోట 1857 అనవలసిన దగ్గర 1875 అన్నాడు. నా చెయ్యి ఆగింది. పొరపాటు అని తెలుసు, కానీ అతను చెప్పింది తప్ప ఒక్క అక్షరం కూడా నాది చేరకూడదు. అలాగే రాశాను. చివర్లో అన్నీ మళ్ళీ చదవమన్నాడు. ఆ వాక్యం రాగానే, ‘అక్కా, అది ఏడు ఐదు కాదు, ఐదు ఏడు, కొట్టేసి రాయండి’ అన్నాడు. అలా మళ్ళీ వినడానికి వాళ్ళకు సమయం కావాలి. అందుకే గంటకు 20 నిమిషాల చొప్పున అదనంగా ఇస్తారు. మూడు గంటల పరీక్ష నాలుగు గంటలు సాగుతుంది. ఇంటికి వచ్చేసరికి వేళ్ళు నొప్పి. అయినా ఆ సాయంత్రం చాలా కాలం తరువాత మా ఇంట్లో అందరికంటే నేనే ఎక్కువ మాట్లాడాను.

ఈ పనిలో తేదీలు మన చేతిలో ఉండవు. నా ప్రశ్నకు ఇది నిలబడదు కూడా. ఒప్పుకుని వెళ్ళకపోతే ఒక విద్యార్థి ఏడాది పోతుంది. అందుకని టైంటేబుల్ చూశాకే మాట ఇస్తాను, ఇచ్చిన మాటకు మాత్రం ఎంతటి గడువునైనా పక్కన పెడతాను. మీరు డిగ్రీ చదివారు కాబట్టి మిమ్మల్ని కొన్ని చోట్ల రాయనివ్వకపోవచ్చు. అదే సబ్జెక్టు తెలిసినవాళ్ళను ఒప్పుకోని చోట్లూ ఉన్నాయి. కానీ మీరు చేయగలిగిన ఇంకో పని ఉంది. ఆ పిల్లలు వినడం కోసం పాఠాలు చదివి ఫోనులో రికార్డు చేయడం. చరిత్ర పాఠం నేను చదవగలను. కామర్స్ పాఠం నా వల్ల కాదు. ఆస్తి అప్పుల పట్టీ ఒకటి ముందు పెట్టి చదవమంటే, ఏ అంకె ఎటువైపుదో వినేవాళ్ళకు తెలియకుండా పోయింది. ఎడమవైపు శీర్షిక ముందు చెప్పాలా, వరస చెప్పాలా అన్నది ఆ పట్టీని రోజూ చూసేవాళ్ళకే తెలుస్తుంది. అంటే మీకు. 21 నుంచి నెలాఖరు దాకా రోజుకు ఒక గంట చాలు. ఒక నెల కుదరకపోతే తరువాతి నెలలో చేయవచ్చు.

మీ ఊరి డిగ్రీ కాలేజీకి గాని, అంధ విద్యార్థుల హాస్టలు ఏదైనా ఉంటే అక్కడికి గాని ఫోను చేయకుండా నేరుగా వెళ్ళండి. ఏ పాఠాలు కావాలో ఉపాధ్యాయులను కాకుండా పిల్లలనే అడగండి. ముందు పది నిమిషాల పాఠం ఒకటి రికార్డు చేసి వాళ్ళకు వినిపించి, ఎక్కడ అర్థం కాలేదో చెప్పమనండి. నా మొదటి రికార్డింగు విని వాళ్ళు చెప్పింది ఒకటే, పేజీ నంబరు చెప్పకుండా ముందుకు వెళ్ళవద్దని.

ఈ నెల 3బి వేసేశాక ఒక రోజు అలా వెళ్ళి రండి. ఏమన్నారో ఇక్కడే రాయండి. రికార్డు చేయడంలోగాని, వికీసోర్సులో ఖాతా తెరవడంలోగాని ఎక్కడైనా ఆగిపోతే అడగండి. సంక్రాంతి దాటింది, నాకిప్పుడు తీరికే.