మబ్బు పక్క షీటులో ఉంది

హనుమకొండ

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రంలో చేరుతున్నావని, అంటార్కిటికా మంచు కింద నీళ్లు ఎటు కదులుతున్నాయో ఉపగ్రహాలతో కనిపెట్టే పని తీసుకున్నావని మీ అమ్మ ఫోను చేసింది. చెబుతూనే ఏడ్చింది. మంచు పగుళ్లలో పడిపోతావని దాని భయం. నాకా భయం లేదు, ఆ పని చేసేవాళ్లలో చాలామంది మంచును తెర మీదే చూస్తారు. నా భయమల్లా నీ కళ్ల గురించి, ఆపైన నీ తొందర గురించి. పదో తరగతి లెక్కల పేపరు గంట ముందే ఇచ్చేసి వచ్చిన దానివి నువ్వు. అయినా చౌరస్తా దాకా వెళ్లి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నీ సంగతి చెప్పి వచ్చాను.

వేళకు తిను. లెక్కలు రెండు చోట్ల దాచుకో. గైడుతో వాదించు, పోట్లాడకు.

ఉపగ్రహానికి ఆ నీళ్లు కనిపించవని నీకు తెలుసు. అక్కడి మంచు కిందున్న వోస్తోక్ సరస్సు మీద మంచే దాదాపు 4 కిలోమీటర్ల మందం. పైన ఎంత చలి ఉన్నా భూమి లోపలి వేడి, రాపిడి, ఆ బరువు కలిసి అడుగు మంచును కరిగిస్తాయి. మనకు అందేది పైతలం ఎత్తు ఒక్కటే. కింద నీళ్లు పోతే మంచు కుంగుతుంది, చేరితే ఉబ్బుతుంది. 2006లో శాస్త్రవేత్త డంకన్ వింగమ్ బృందం ఈఆర్‌ఎస్-2 ఉపగ్రహం రాడార్ కొలతల్లో ఇదే చూసింది. తూర్పు అంటార్కిటికాలో ఒకచోట మంచు 3 మీటర్లు కుంగింది, 290 కిలోమీటర్ల అవతల ఉబ్బింది. 16 నెలల్లో 1.8 ఘన కిలోమీటర్ల నీరు అటు నుంచి ఇటు చేరింది. మన కాకతీయుల గొలుసు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండినట్టు. కాకపోతే అక్కడ నీళ్లు పల్లానికే పోవాలని లేదు. పైనున్న మంచు ఎటు నొక్కితే అటు, ఒక్కోసారి ఎత్తుకు కూడా ఎక్కుతాయి. నేల వాలుకన్నా మంచు పైతలం వాలుకు దాదాపు పది రెట్లు బలం ఎక్కువ. నేల పటం ఒక్కటే ముందు పెట్టుకుని దారులు గీయకు.

ఇక ఇది తీరిగ్గా చదువు. నేను కొలువులో చేరిన కొత్తలో ఉపగ్రహ చిత్రాలు పెద్ద ప్రింట్లుగా వచ్చేవి. పైరు ఎర్రగా, నీళ్లు నల్లగా ఉండేవి. కింద లైటున్న గాజు బల్ల మీద ట్రేసింగ్ కాగితం పరిచి, నల్లగా ఉన్నచోటల్లా గీత గీసి నీళ్లని రాసేవాళ్లం. ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం రోజులవి. అది ఒకచోటికి మళ్లీ రావాలంటే 22 రోజులు.

ఆ ఏడు వానలు లేవు. ఏ చెరువులో నీళ్లున్నాయో పట్టిక పంపమని పైనుంచి ఒత్తిడి. మా విభాగం పెద్దసారు పనిమంతుడే. పరకాల వైపు ఒక ఊరి చెరువు మీద, అచ్చం చెరువు ఆకారంలోనే, నల్లటి మచ్చ కనిపించింది. నీళ్లున్నాయని రాశారు. జీపు దొరకలేదని ఊరికి వెళ్లి చూడలేదు.

కరువు సాయం జాబితాలో తమ పేరు లేదని ఆ ఊరివాళ్లు వస్తే సారు వెంట నేనూ వెళ్లాను. చెరువు శిఖం నడిమధ్య దాకా చెప్పులతోనే నడిచాం. ఒండ్రు పలకలు పలకలుగా పగిలి, అంచులు పైకి లేచి ఉన్నాయి. ఒక పగులులో చేయి పెడితే మణికట్టు దాకా దిగింది. తూము దగ్గర చెరువు నీళ్లు వదిలే నీరటి కూర్చుని ఉన్నాడు. "నీళ్లెక్కడున్నాయో చూపించండమ్మా, తాగుతాను" అన్నాడు. సారుకు నోట మాట రాలేదు.

ఆఫీసుకు వచ్చి ఆ షీటునూ పక్క షీటునూ అంచులు కలిపి పెట్టాం. పక్క షీటులో తెల్లటి మబ్బు తునక! అక్టోబరు ఉదయం, సూర్యుడు ఆగ్నేయంగా ఉన్నాడు, నీడ వాయవ్యంగా మా షీటులో పడింది. షీటు అంచు మబ్బును కోసేసి నీడను మాకు మిగిల్చింది. సారును తప్పుపట్టలేను, కనిపించినదే రాశారు. కానీ జాబితా ఒకసారి పైకి పోయాక దిద్దడం కుదరదన్నారు. ఆ ఊరికి ఆ ఏడు సాయం అందనే లేదు.

నీ ఎత్తుల గీత కుంగినంత మాత్రాన నీళ్లు పోయాయని కాదు బిడ్డా. గాలి మంచును ఊడ్చుకుపోయి ఉండవచ్చు. హిమపాతం తగ్గి ఉండవచ్చు. అడుగున రాపిడి మారి మంచు సాగితే, నీళ్లు కదలకుండానే పైతలం దిగుతుంది. రాడార్ తరంగం పొడి మంచులోకి కొంత దూరి తిరిగి వస్తుంది కనుక పై పొర గట్టిపడినా ఎత్తు మారినట్టే ఉంటుంది. ఐస్‌శాట్-2 ఉపగ్రహం లేజరు సెకనుకు 10,000 సార్లు వెలుగుతుంది, మబ్బు పడితే దానికీ దిక్కు లేదు, పైగా అదే దారికి 91 రోజులకు గానీ రాదు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన రాడార్ ఉపగ్రహం నైసార్ 12 రోజులకోసారి వస్తుంది. దాని రెండు చిత్రాల తేడాలో మంచు పక్కకు జారినా కుంగినట్టే కనిపించవచ్చు. ఉపగ్రహం ఉత్తరానికి ఎక్కే దారి చిత్రాలూ దక్షిణానికి దిగే దారి చిత్రాలూ కలిపి చూడందే నమ్మకు.

శాస్త్రవేత్త హెలెన్ ఫ్రిక్కర్ బృందం 2007లో లేజరు కొలతలతో చూపిన విల్లన్స్ సరస్సును 2013 జనవరిలో 800 మీటర్ల మంచు తొలిచి చూశారు. నీళ్లున్నాయి, లోతు 2 మీటర్లే! నీకు ప్రతిచోటా తొలిచి చూసే భాగ్యం ఉండదు. అందుకే ఉపగ్రహం పక్క దారుల్లో తీసిన కొలతలు, అంటే పక్క పాస్‌లు చూడు, వెనకటి ఏళ్లు చూడు, పోయిన నీళ్లు ఎక్కడ చేరాయో వెతుకు. దొరక్కపోతే దొరకలేదనే రాయి. గైడు మొహం మాడ్చుకున్నా సరే.

రాత్రి దీపం ఆర్పేసి తెర ముందు కూర్చోకు, కళ్లు అలసిపోతాయి. నాకు వచ్చే నెల శుక్లాల ఆపరేషను. మీ అమ్మకు చెప్పకు, ఊరంతా ఏకం చేస్తుంది. అది కాగానే నీ మొదటి పటం నాకు పంపు. పక్క పాస్‌లు లేకుండా పంపావో, చీవాట్లు పెట్టి తిప్పి పంపిస్తాను.

పెద్దమ్మ