గురువుగారి తరఫున నువ్వు సంజాయిషీ చెప్పకు

అమ్మలూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "మన ఆశ్రమంలో ఒక అమ్మాయితో స్వామివారు తప్పుగా ప్రవర్తించారంటే నమ్మలేకపోతున్నాను పెద్దమ్మా, కానీ ఆ అమ్మాయి అబద్ధాలాడే మనిషి కాదు" అని రాశావు. ఆ రెండో మాట వదలకు.

నేనూ ఒకాయన దగ్గర పదకొండేళ్లు సేవ చేశాను. ఒకరోజు పూలదండలు కడుతుంటే పక్కనున్న పిల్ల తలెత్తకుండా, "ఒంటరిగా లోపలికి రమ్మంటున్నారమ్మా, భయంగా ఉంది" అంది. నా చేతిలో దారం కూడా ఆగలేదు. "అదృష్టం తల్లీ, అందరినీ పిలవరు" అన్నాను. నెల తిరక్కుండా ఆ పిల్ల వెళ్లిపోయింది. ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఆ పాపం ఆయనది. ఆ మాట మాత్రం నాది, ఇప్పటికీ నిద్రపట్టనివ్వదు.

ముందు "ఆయన అలాంటివారు కాదు" అంటాం. తర్వాత "అది లీల, మనకు అర్థం కాదు" అంటాం. చివరికి "ఆ పిల్లదే తప్పు" అనేస్తాం. అదే పని పక్కింటాయన చేస్తే ఊరుకుంటావా? ఈ ఒక్క ప్రశ్న వేసుకో.

ప్రశ్నిస్తే గురునింద అని భయపెడతారు. గర్వంతో మంచిచెడ్డలు మరిచి దారి తప్పినవాడు గురువైనా సరే, విడిచిపెట్టాలని ఉద్యోగపర్వంలో భీష్ముడు తన గురువు పరశురాముడి ముందే చెప్పాడు. 2013లో ఆశారాం బాపు అనే గురువు మీద లైంగిక దాడి ఫిర్యాదు చేసిన మైనర్ బాలిక తల్లిదండ్రులూ ఆయన భక్తులే. అయినా కూతురి పక్కనే నిలబడ్డారు. 2018లో జోధ్‌పూర్ కోర్టు ఆయనకు జీవితఖైదు వేసింది.

ముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లు. "నిజమేనా?" అని అడగకు, చెప్పనివ్వు. ఆమె సరేనంటే తేదీలతో రాసిపెట్టు, ఫోన్‌లో మెసేజ్‌లు చెరిపేయొద్దని చెప్పు. ఆశ్రమం పెద్దలకు ముందుగా చెప్పకు. "మనలో మనం సర్దుకుందాం" అంటారు, సాయంత్రానికి ఆమె మీదే ఒత్తిడి మొదలవుతుంది. ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే ఆలోచించే పనే లేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పెద్దదైతే నిర్ణయం ఆమెది, తోడు మాత్రం నువ్వు వెళ్లాలి.

నీ జపం, ధ్యానం నీవే, వాటిని ఎవరూ లాక్కోలేరు. కానీ సత్సంగం వాళ్ల ఫోన్లు ఆగిపోతాయి. నాకు ఏడాదిపాటు సాయంత్రాలు గడవలేదు. అలాంటప్పుడు నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను. ఆ అమ్మాయి ఒప్పుకుంటే మీతో నేనూ వస్తాను.

నీ పెద్దమ్మ