భాగించి చూశాయన్నావు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ నాలుగో పేరా దగ్గర ఆగిపోయాను. "ఇది ప్రధాన సంఖ్య అని తేల్చడానికి కంప్యూటర్లు దాన్ని చిన్న సంఖ్యలన్నిటితో భాగించి చూశాయి" అని రాశావు. ఎవరు చెప్పారు నీకు?

నువ్వు రాసింది 2024 అక్టోబరులో బయటపడిన సంఖ్య గురించి. 2ను 13,62,79,841 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చేది. నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలు. భాగించి తేల్చాలంటే వర్గమూలం దాకా వెళ్లాలి, దానికే రెండు కోట్లకు పైగా అంకెలుంటాయి. అంతవరకూ ఒక్కొక్కదానితో భాగిస్తూ పోతే ఏ యంత్రానికీ ఆయుష్షు చాలదు. మరి ఎలా తెలిసింది? ఆ ప్రశ్న నీకు తట్టలేదు, అదే నా బాధ. అచ్చువేస్తే ఎన్ని పుస్తకాలవుతుందో చెప్పడానికి మాత్రం పేజీ ఖర్చుపెట్టావు. పెద్దదైతే అందులో వింతేముంది? ఒకటి కలుపు, ఇంకా పెద్దది వస్తుంది!

కాగితం తీసుకో. 2 ఘాతం 7 నుంచి ఒకటి తీసేస్తే 127. ఇప్పుడు 4తో మొదలుపెట్టు. వర్గం చేసి, 2 తీసేసి, 127తో భాగించి, శేషం మాత్రం ఉంచుకో. 14 వస్తుంది. దానికీ అదే పని చేస్తే 67. ఆ తరువాత 42, ఆపైన 111. ఐదోసారి 12319 వస్తుంది, అది సరిగ్గా 127కు 97 రెట్లు. శేషం సున్నా. ఘాతం 7 కనుక రెండు తగ్గించి ఐదుసార్లు చేశాం. చివర సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. కారణాంకాల కోసం వెతకనే లేదు చూశావా! ఇద్దరు గణితజ్ఞుల పేర్ల మీద పిలిచే లూకాస్–లెహ్మర్ పరీక్ష ఇదే. నీ సంఖ్యను ఖాయం చేసిందీ ఇదే, పదమూడు కోట్లకు పైగా అడుగుల్లో.

2 ఘాతం 67 నుంచి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రధాన సంఖ్య అని 1644లో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ అన్నాడు. కాదని 1876లో ఆ పరీక్ష పేరులోని లూకాసే తేల్చాడు, ఒక్క కారణాంకమూ చూపకుండా. 193707721, 761838257287 అనే ఆ రెండు కారణాంకాలనూ 1903లో అమెరికా గణితజ్ఞుడు కోల్ బయటపెట్టాడు. కంటికి కనబడని కారణాంకం ఉందని రుజువుతో తెలియడం! ఇది చదివాక నాకు మరో విషయం మీద రాయబుద్ధి కాలేదు.

దీని మీద నేను రాసిన మొదటి వ్యాసంలో ఒక సంపాదకుడు శేషాల పేరా మొత్తం కొట్టేశాడు. పాఠకులకు లెక్కలు వద్దట. వెనక్కి తీసుకుని ఇంకో చోటికి పంపాను, అక్కడి నుంచీ తిరిగొచ్చింది. చాలా కాలం అలాగే తిరిగింది. ఇవాళ్టికీ శీర్షికల్లో "అతిపెద్ద", "రికార్డు" తప్ప మరో మాట ఉండదు. ఐదు గుణకారాల ఓపిక పాఠకుడికి లేదని తేల్చడానికి వీళ్లెవరు?

ఏ పత్రికకు పంపాలని, పేరు పక్కన డిగ్రీ రాయాలా అని అడిగావు. ఆ సంగతులు తరువాత. ముందు 2047 తీసుకో, 2 ఘాతం 11 నుంచి ఒకటి తీసేసినది. తొమ్మిదిసార్లు చెయ్యి. చివర సున్నా రాదు, 1736 వస్తుంది. రాకపోతే ఎక్కడో గుణకారం తప్పినట్టు, మళ్లీ చెయ్యి. వచ్చాక నాలుగో పేరా కొట్టేసి, అక్కడ నీ లెక్క పెట్టి నాకు పంపు.