ఇన్‌స్టా చూశాక మనసు దిగులుగా ఉంటోంది, అకౌంట్ తీసేయాలా?

ఇన్‌స్టా చూసి ఫోన్ పక్కన పెట్టగానే దిగులు కమ్ముకుంటోందనీ, అకౌంట్ తీసేస్తే నయమా అనీ అడిగారు. వెంటనే తీసేయకండి. ముందు ఏ వేళప్పుడు, ఏం చూశాక మనసు పాడవుతోందో కనిపెట్టండి.

నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు నేను ఉద్యోగం మానేసి ఆయన్ని చూసుకున్నాను. రాత్రి ఆయన నిద్రపోయాక నాకంటూ మిగిలేది ఆ కాస్త సమయమే. ఆయన మంచం పక్కనే కింద పడుకుని, వెలుతురు ఆయన కళ్లలో పడకుండా దుప్పట్లో ఫోన్ పెట్టుకుని చూసేదాన్ని. నాతో చదువుకున్న అమ్మాయికి ప్రమోషన్, ఇంకొకరికి కొత్త ఇల్లు, మరెవరివో కొండల మీద ఫొటోలు. వాళ్ల మీద నాకు అసూయ లేదు, నిజంగా. అందరి బతుకూ ముందుకు పోతోంది, నాదొక్కటే ఇక్కడ ఆగిపోయింది అన్న ఆలోచన మాత్రం వదిలేది కాదు. చూస్తూ చూస్తూ రెండు దాటేది. పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉండేది, చిన్న మాటకే కళ్లలో నీళ్లు.

అదే ఫోన్‌లో, పక్షవాతం వచ్చినవాళ్లకు సేవచేసేవాళ్ల గ్రూపు ఒకటి ఉండేది. వీపు మీద పుండ్లు పడకుండా రెండేసి గంటలకు పక్కకు ఎలా తిప్పాలో, మోకాళ్ల మధ్య దిండు ఎలా పెట్టాలో ఒకావిడ అందులో ఎంతో ఓపిగ్గా రాసి చెప్పారు. ఇవాళ ఏడుపొస్తోంది అని రాస్తే నలుగురు పలికేవారు. అక్కడ అరగంట గడిపితే మనసు తేలికపడేది. అందుకే, గంటల లెక్క కన్నా ఆ గంటల్లో ఏం చేస్తున్నామన్నదే ముఖ్యమని నా నమ్మకం. ఎవరితోనూ మాటా పలుకూ లేకుండా వేలితో జరుపుకుంటూ పోయిన రాత్రులే నన్ను కుంగదీశాయి.

ఆ జరపడానికి అంతు లేకుండా చేసింది ఇన్ఫినిట్ స్క్రోల్, అంటే పేజీకి చివరంటూ లేకుండా కిందికి జరిపేకొద్దీ కొత్త పోస్టులు వాటంతటవే వస్తూ ఉండే ఏర్పాటు. ఏజా రాస్కిన్ అనే డిజైనర్ 2006లో దాన్ని రూపొందించారు, తర్వాత ఆయనే బాధపడ్డారు. కాబట్టి ఆపలేకపోతున్నానని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 143 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. కొందరిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకు 10 నిమిషాలే చూడమన్నారు. మూడు వారాల్లో వాళ్లకు ఒంటరితనం, డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి. వాళ్లనీ పూర్తిగా మానేయమనలేదు, గమనించండి.

నేను ఇన్‌స్టా యాప్‌ను ఫోన్‌లోంచి తీసేశాను. చూడాలనిపిస్తే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ కొట్టి చూసేదాన్ని. గ్రూపు ఉంచుకున్నాను. మొదట్లో బొటనవేలు దానంతటదే పాత చోటికి వెళ్లి ఖాళీ స్క్రీన్ మీద నొక్కేది, కొన్నాళ్లకు ఆ అలవాటు పోయింది. అన్నిటికన్నా మేలు చేసింది ఫోన్‌ని రాత్రి వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టడం. నాన్నను తిప్పడానికి లేవాలి కాబట్టి మామూలు అలారం గడియారం కొన్నాను. మధ్యలో లేచినా మళ్లీ పడుకోగానే నిద్ర పట్టేది.

ఎవరి పోస్టులు చూస్తే మీకు ఇబ్బందిగా ఉంటోందో వాళ్లను మ్యూట్ చేయండి, వాళ్లకు తెలియదు. ఇవన్నీ చేశాక కూడా రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే అసలు ఆగొద్దు, ఇంట్లో ఒకరికి చెప్పి ఈరోజే వెళ్లండి.